నూట పన్నెండో పేజీ నుంచి

జూలైలో వచ్చిన పుస్తకాన్ని భీముడు డిసెంబరు దాకా విప్పలేదు.

అరకు బస్టాండులోని పార్సిల్ ఆఫీసు నుంచి జీపు సోములు దాన్ని తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు వాన. గోధుమరంగు కాగితం చుట్టి, పురికొస కట్టి ఉంది. పైన ‘కొర్రా భీముడు, పనసవలస’ అని రాసి ఉంది. ఒక్కో అక్షరం బొటనవేలంత. వరస పైకి పోయి, మళ్లీ కిందికి దిగింది. మార్కు మేస్టారి చేతిరాత అది. తాను ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాడనుకుని మేస్టారు పెద్దగా రాశారని భీముడు నవ్వుకున్నాడు. పొడిగుడ్డలో చుట్టి, అటక మీద విత్తనానికి దాచిన చోళ్ల బుట్టలో పెట్టాడు.

"విప్పవేటి?" అంది అతని భార్య అప్పలనర్సమ్మ.

"కొత్త అవ్వలేదు గదా."

"అవున్లే. కాగితాలకి కూడా కొత్త సేసీ ఊరు మనదొక్కటే."

పనసవలసలో కొత్త పండగ చెయ్యకుండా కొత్తది ముట్టరు. మామిడికి ఒక కొత్త, చిక్కుడుకి ఒక కొత్త, సామకి ఒక కొత్త. ఆ రోజు తొలి వాటా పెద్దలకి, అంటే చనిపోయినవాళ్లకి, ఆకులో పెడతారు. తరవాత ఊరంతా తింటుంది. అంతకుముందు ఒక్క కాయ కొరికినా తప్పే. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లు ఆకు పెట్టరు, ప్రార్థన చేసుకుంటారు. కాని వాళ్లూ ముందుగా కొరకరు.

పుస్తకానికి కొత్త పెట్టించింది భీముడే.

మార్కు మేస్టారు పార్వతీపురం మనిషి. మిషను బడికి పంతులుగా వచ్చి ఇరవై ఆరేళ్లు ఈ కొండ మీదే ఉండిపోయారు. భీముడు ముప్పై ఆరేళ్ల వయసులో ఆ బడి పైకప్పుకు రేకులు బిగించడానికి వెళ్లాడు. పని అయిపోయింది. అతను వెళ్లలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. మేస్టారు బయటికి వచ్చి, "లోపల జాగా ఉంది," అన్నారు. పిల్లలు నవ్వారు. భీముడు వెళ్లి వెనక వరసలో కూచున్నాడు.

అతని ఇంటి మాట ఒడియా కలిసిన కొండ మాట. తెలుగు సంతలో చెవిన పడ్డదే. మేస్టారు నేల మీద కాఫీ గింజలు పేర్చి అక్షరాలు చూపించారు. భీముడు తోటకు వెళ్లినా నీడ చెట్ల కింద గింజలు పేర్చుకునేవాడు. రెండేళ్లు పట్టింది.

ఊళ్లో పెద్దవాళ్లు ఆరుగురికి చదవడం వచ్చాక, మేస్టారు పార్వతీపురం నుంచి ఒక కొత్త కథల పుస్తకం తెచ్చి భీముడి చేతికిచ్చారు. భీముడు తెరవలేదు.

"కొత్త సెయ్యాల గదా మేస్టారూ," అన్నాడు.

అందరూ నవ్వారు. మేస్టారు నవ్వలేదు. "ఎప్పుడు చేద్దాం?" అని అడిగారు.

అప్పటి నుంచి డిసెంబరు రెండో శనివారం పుస్తకం కొత్త. కాఫీ కోతల కాలమే అయినా, చదివేవాళ్లెవరూ ఆ రోజు తోటకు వెళ్లరు. బడి వరండాలో మంచులోనే మొదలుపెట్టి, పొద్దు కొండ వెనక్కి పోయేదాకా చదువుతారు. ఒక్కొక్కరు పది పేజీలు చదివి పక్కవాళ్లకి అందిస్తారు. చదవడం రానివాళ్లు వింటారు. ఏడాదిలో ఊళ్లోకి వచ్చిన కొత్త పుస్తకాలన్నీ ఆ రోజే విప్పాలి. ప్రతి పుస్తకంలోనూ తొలి పేజీ కొండ వైపు తిరిగి చదవాలి. అది పెద్దల వాటా.

భీముడు వేలు పెట్టి చదువుతాడు. ఒక మాట చదివి, దించి, ఇంకో మాట ఎత్తుకుంటాడు. పక్కవాళ్లు ఆవులించేవారు. మేస్టారు మాత్రం కళ్లు మూసుకుని వినేవారు. "నీ చదువు నడకలాగుంటుంది భీముడూ," అన్నారు ఒకసారి. "దారిలో ఏమున్నాయో అన్నీ కనపడతాయి."

రిటైరయ్యాక ఆయన పార్వతీపురంలో కూతురు సుజానా ఇంటికి వెళ్లిపోయారు. ప్రతి డిసెంబరుకూ వచ్చేవారు. కిందటేడు రాలేదు. కాలికి పుండు పడిందని కబురు వచ్చింది. ఈ ఏడు జూలైలో పుస్తకం వచ్చింది.

అక్టోబరులో కృపావతి గట్టు దిగి వచ్చింది. ఆమె ఆ ఊరి ఆశా కార్యకర్త, మేస్టారి దగ్గర చదువుకున్న మనిషి. ఫోన్ సిగ్నల్ కోసం గట్టెక్కినప్పుడు సుజానా మాట్లాడిందట.

"మేస్టారు పోయారు మావా," అంది. "మొన్ననే. సమాధి కూడా సేసీసారు."

భీముడు లేచాడు. కత్తి పట్టుకుని తోటకు వెళ్లాడు. చీకటి పడేదాకా మిరియాల పాదుల మొదట్లో కలుపు కోశాడు. కోయాల్సినంత కలుపు అక్కడ లేదు.

ఇంటికి వచ్చాక అటక కేసి చూశాడు. అప్పలనర్సమ్మ కూడా చూసింది.

"ఇప్పుడైనా విప్పు."

"ఇప్పుడసలే విప్పను. తొలి పేజీ ఇనాల్సిన పెద్దల్లో ఆయన కూడా సేరిపోయాడు."

ఆమె మళ్లీ అడగలేదు. అతను డిసెంబరు కోసం చూశాడు. మేస్టారి నుంచి రావలసినదేదో ఇంకా ఒకటి ఉందని, అది బుట్టలో ఉందని అనుకుని ఆ రెండు నెలలూ గడిపాడు.

రెండో శనివారం బాగా మంచు పట్టింది. బడి రేకుల మీంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. వరండా ముందు మంట వేశారు. పదిహేను మంది దాకా వచ్చారు. మేస్టారు కూచునే ఇనప కుర్చీని ఎవరో తుడిచి పెట్టారు. అందులో ఎవరూ కూచోలేదు.

"మావా, ముందు నీదే," అంది కృపావతి. "నువ్వు బేగి మొదలెడితేనే గాని మాకు సాయంత్రానికైనా వంతు రాదు."

అందరూ నవ్వారు. భీముడూ నవ్వాడు. పురికొస ముడి విప్పాడు, కొయ్యలేదు. కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం అట్ట నలిగి ఉంది. అది కొత్త పుస్తకం కాదు. తెరవగానే మధ్యలోంచి మడిచిన కాగితం ఒకటి జారి ఒళ్లో పడింది.

అతను దాన్ని కూడా కొత్త రోజు చదివినట్టే, వేలు పెట్టి, పైకే చదివాడు. ఏం రాసి ఉందో ముందు తెలియదు కాబట్టి ఆగలేకపోయాడు.

‘భీముడూ, షుగరుకి నా కళ్లు పోతున్నాయి. ఈ పుస్తకం నూట పన్నెండో పేజీ దాకా ఎలాగో చదివాను. ఇక అక్షరాలు కనపడటం లేదు. సుజానా చదువుతానంటుంది గాని దానికి తొందర. పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది. నువ్వు రా. మిగతాది నువ్వు చదివితే వింటాను. ఆ నూతిలో నీళ్లు పడ్డాయో లేదో తెలుసుకోవాలని ఉంది. కొత్త అయ్యేదాకా ఆగకు. ఇది కొత్తది కాదు. సగం నేను తినేశాను.’

కింద తేదీ ఉంది. జూలై నాలుగు.

భీముడు వేలు తేదీ మీద ఉంచి అలాగే కూచున్నాడు. మంటలో పుల్ల చిట్లింది. సోములు లేచి ఇంకో దుంగ వెయ్యబోయి, వెయ్యకుండానే కూచున్నాడు.

భీముడు ఉత్తరం మడిచి అన్నాడు: "ఇయాళ పది పేజీల లెక్క వద్దు. నాను సదువుతాను. నూట పన్నెండు నుంచి."

"మొత్తం రెండొందల నలభై ఉన్నాయి మావా," అంది కృపావతి పుస్తకం వెనక తిప్పి చూసి. "మేం కూడా తలో సెయ్యి ఏస్తాం."

"నన్నడిగాడు."

మిగతావాళ్లు తాము తెచ్చిన పుస్తకాలు పక్కన పెట్టారు. భీముడు ఇనప కుర్చీకి ఎదురుగా జరిగి కూచున్నాడు. తొలి పేజీ కొండ వైపు తిరిగి చదవాలి. ఈ పుస్తకానికి తొలి పేజీ ఎప్పుడో అయిపోయింది. అతను కుర్చీ వైపే తిరిగి చదవడం మొదలుపెట్టాడు.

మెట్ట ఊళ్లో నుయ్యి తవ్వేవాడి కథ అది. నూట పన్నెండో పేజీలో అతను నలభై అడుగుల లోతున ఉన్నాడు. పైన ఊరివాళ్లు ఒక్కొక్కరే నమ్మకం వదులుకుని వెళ్లిపోతున్నారు.

"నలభై అడుగులా?" అన్నాడు సోములు. "ఆ ఊళ్లో ఊట లేదేటి?"

"కింద ఊళ్లు మరి. మనకిలాగ గట్టు మీంచి కారుతాదేటి," అన్నారు ఎవరో.

"ఐతే ఏటి పక్కకి పోయి తవ్వుకోవాల గాని."

"ఏరే ఉంటే ఆడెందుకు తవ్వుతాడు? నోర్ముయ్యండి, ఇననీండి," అంది కృపావతి.

భీముడు ఎవరి వైపూ చూడలేదు. మాట తరవాత మాట. మంచు విడిపోయింది. ఎండ వరండా మీదికి వచ్చింది. తవ్వేవాడు నలభై ఎనిమిది అడుగులకు చేరాడు. అతని భార్య అన్నం గిన్నెను తాడుకు కట్టి దించింది. అప్పలనర్సమ్మ ఎప్పుడు వచ్చిందో, మెట్ల చివర కూచుని ఉంది. పదహారేళ్లలో ఆమె పుస్తకం కొత్తకు రావడం ఇదే.

మధ్యాహ్నం ఆకుల్లో అన్నం పెట్టారు. భీముడు రెండు ముద్దలు తిన్నాడు. కృపావతి అతని పక్కకు వచ్చి కూచుంది. ఆకులో అన్నం కలుపుతూనే ఉంది గాని తినలేదు.

"మావా. అక్టోబర్లో సుజానా ఒక మాటంది. నీకు సెప్పలేదు."

"ఏటంది?"

"ఆఖరి వారం గేటు సప్పుడైతే సాలు, భీముడొచ్చాడా అని అడిగీవోరంట. జొరంలో పలవరించారనుకున్నాను మావా. అందుకే..."

భీముడు ఆకు మడిచాడు. చెయ్యి కడుక్కున్నాడు. తిరిగి వచ్చి ఎక్కడ ఆపాడో అక్కడ వేలు పెట్టాడు. నూట డెబ్బై ఒకటో పేజీ.

రెండు గంటలకు గొంతు రాచుకుపోయింది. సోములు బెల్లం కాఫీ తెచ్చిచ్చాడు. తాగి చదివాడు. మూడు గంటలకు సగం మాటలు గాలిలాగే వస్తున్నాయి. వినపడనివాళ్లు దగ్గరికి జరిగారు. చివరికి పదిహేను మందీ అతని మోకాళ్ల చుట్టూ చేరారు. కుర్చీ ఉన్న వైపు మాత్రం ఖాళీ వదిలారు.

"నేను సదువుతాను, నువ్వు కాసేపు ఊరుకో," అంది కృపావతి. అతను తల అడ్డంగా ఊపాడు.

పొద్దు కొండ అంచుకు దిగేసరికి రెండొందల ముప్పై ఒకటో పేజీ. యాభై తొమ్మిది అడుగులు. తవ్వేవాడు గునపం ఎత్తి వేశాడు. శబ్దం మారింది. మళ్లీ వేశాడు. అవును, మారింది.

వరండా మీద నీడ పడింది. అక్షరాలు మసకబారాయి. సోములు ఫోన్ లైటు వేశాడు. ఇంకో మూడు లైట్లు వెలిగాయి. పేజీ తెల్లగా మెరిసింది. భీముడు ఆ వెలుగులో పేజీని చూశాడు. తరవాత మేస్టారి ఉత్తరాన్ని ఆ పేజీలో పెట్టి పుస్తకం మూసేశాడు.

"ఏటిది బావా," అన్నాడు సోములు. "సప్పుడు మారిందన్నాడు. నీళ్లా? రాయా?"

"తెల్దు."

"సదివితే తెలుస్తాది గదా. తొమ్మిది పేజీలు."

"ముందు ఆయనకి," అన్నాడు భీముడు. మాట గాలిలాగే వచ్చింది. మళ్లీ చెప్పాడు. "ఆయన అడిగాడు. ముందు ఆయనకి. తరవాతే మనకి."

పొద్దుటి నుంచి కూచున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అంటే వచ్చే ఏడు దాకా ఆడు నూతిలోనే ఉండాలేటి?" అన్నాడు సోములు మెల్లగా. ఎవరూ నవ్వలేదు. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఇంటికి నడుస్తుండగా అప్పలనర్సమ్మ అడిగింది: "ఆయన సమాధి కాడికి, పార్వతీపురం ఎలగెళ్తావు? ఎప్పుడైనా ఎళ్లావా?"

భీముడు జేబులోంచి పార్సిల్ కాగితం తీసి చూపించాడు. ఒక మూల సుజానా ఇంటి చిరునామా ఉంది. "బస్సుల బోర్డులు సదవగలను," అన్నాడు.

"జూలైలో కూడా సదవగలిగీవోడివే."

అతను కాగితం మళ్లీ మడిచాడు. ఆ మాట అన్నందుకు ఆమె నొచ్చుకుంది. అతని మోచెయ్యి పట్టుకుని మిగతా దారి నడిచింది.

ఆదివారం పొద్దున్నే జీపు వచ్చింది. అప్పలనర్సమ్మ చోడి రొట్టెలు అడ్డాకుల్లో చుట్టి ఇచ్చింది. రెండు పొట్లాలు.

"రెండెందుకు?"

"ఒకటి ఆయనకి పెట్టు."

భీముడు సోములు పక్కన కూచున్నాడు. పుస్తకం పొడిగుడ్డలో, ఒళ్లో. జీపు మలుపులు దిగుతోంది. లోయ నిండా మంచు. చర్చి గంట మోగుతోంది. గంట వినపడుతోంది గాని చర్చి కనపడటం లేదు.

ఆకులో పెట్టింది పెద్దలు తింటారా అని అతను పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు. మూడో మలుపు దగ్గర ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో సోములుకు వినపడలేదు.

"ఏటి బావా?"

"ఆయనకి ఇనబడతాదంటావా?"

సోములు గేరు మార్చాడు. అద్దం మీద మంచు చేత్తో తుడిచాడు. అప్పుడన్నాడు:

"గట్టిగా సదువు బావా."

భీముడు నిన్నంతా చదివి రాచుకుపోయిన గొంతు సవరించుకున్నాడు. చప్పుడు రాలేదు.