గడప దాటని తుపాకి

రాజనర్సు కాకకు తుపాకి మీద ఉన్న మోజు చూస్తే నాకు ఒళ్లు మండేది. పాతికేళ్లు సఖీర్ ఎడారి పక్కన ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, తోటలో పని చేశాడు. చెట్లకు నీళ్లు పెట్టడం, పిట్టలకు గింజలు వేయడం ఆయన డ్యూటీ. మనసు మాత్రం బీరువాలోని జోడు గొట్టాల తుపాకి మీదే. దాన్ని తుడిచి, నూనె పెట్టి, గొట్టాన్ని వెలుతురుకెత్తి అటూ ఇటూ చూసుకునేవాడు. ఆ తోటలో నేను డ్రైవర్‌ని. "నీది కానిదాని మీద గంత పావురమేంది కాకా?" అంటే ఉరిమి చూసేవాడు.

ఆ ప్రేమ ఊళ్లోనే పుట్టింది. జగిత్యాల అవతల, అడవిని ఆనుకొని వాళ్ల మక్కచేను. పందులు పడకుండా తండ్రి నాటు తుపాకితో మంచె మీద కాపలా ఉండేవాడు. మందు కూరడం, గురి చూడడం కాక మీసాలు రాకముందే నేర్చాడు. ఆ ఇంటికొక కట్టు ఉండేది. దెబ్బ తిన్న జంతువును వెతికి పట్టుకొని, దాని బాధ తీర్చేదాకా తుపాకి గడప దాటి లోపలికి రాకూడదు. కాళ్లు విరిగేలా తిరిగైనా సరే, వెతకాల్సిందే.

తర్వాత పోలీసులొచ్చారు. అన్నల చేతికి పోతాయని ఊళ్లో తుపాకులన్నీ ఊడ్చుకుపోయారు. లైసెన్సు చూపించినా వినలేదు. తండ్రి స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి ఆ దిగులుతోనే పోయాడు. తుపాకి రాలేదు. అది వేలాడిన మొల మాత్రం గోడకు అలాగే ఉంది. సెలవుకు వెళ్లినప్పుడల్లా కాక దాన్ని తడిమి చూసుకునేవాడు. భార్య భీమవ్వను దానికి ఒక సంచి కూడా తగిలించనిచ్చేవాడు కాదు.

పెద్ద కఫీల్ బతికున్న రోజుల్లో కాకకు విలువుండేది. ఇద్దరూ కలిసి వేటకు పోయేవాళ్లు. దెబ్బ తిన్న కుందేలు కోసం ఒకసారి పొద్దంతా ఇసుకలో నడిచారట. ఆయన పోయాక పెత్తనం కొడుకు చేతికొచ్చింది. చిన్న కఫీల్‌కు వేటంటే పంజరం తలుపు తీయించడమే. కౌజు పిట్టలను కొని తెస్తాడు, కాకతో పెంచిస్తాడు, అవి బలిశాక స్నేహితులను పిలిచి కాల్పిస్తాడు. థూ!

కిందటి నెల కాక డ్యూటీ అయిపోయింది. మోకాళ్లు అరిగాయి, వీసా రద్దయింది, శుక్రవారం సాయంత్రానికి టికెట్ వచ్చింది. పాస్‌పోర్టు మాత్రం చిన్న కఫీల్ సొరుగులోనే ఉంది. మన పాస్‌పోర్టు వాడి సొరుగులో ఎందుకుండాలి? అడిగే దమ్ము ఎవడికుంది? నాదీ అక్కడే ఏడుస్తోంది.

శుక్రవారం పొద్దున చిన్న కఫీల్ పట్నంలోని అద్లియా నుంచి స్నేహితులను వెంటేసుకొని దిగాడు. కాకతోనే పంజరం తలుపు తీయించాడు. రోజూ గింజలేసే మనిషి ఎదురుగా నిలబడి ఉంటే అవి ఎగిరి ఎటు పోతాయి? గునగునా నడుచుకుంటూ అన్నీ కాక కాళ్ల దగ్గరికే వచ్చాయి. వాళ్లు పొట్ట పట్టుకొని నవ్వారు. పక్కకు జరగమని కాకను అదిలించి, నేల మీది పిట్టలను నేల మీదే కాల్చేశారు. ఒకటి మాత్రం రెక్క ఈడ్చుకుంటూ ముళ్లపొదల్లోకి పోయింది. దానివైపు ఒక్కడూ చూడలేదు. చేతులు కడుక్కొని తిండికి కూర్చున్నారు.

చిన్న కఫీల్ తుపాకిని కాక చేతిలో పెట్టి, "తుడిచి బీరువాలో పెట్టు, పాస్‌పోర్టు తీసుకొని కదులు, యల్లా" అన్నాడు.

కాక కదల్లేదు. ఒక పిట్ట ఇంకా బతికే ఉందనీ, అది దొరికేదాకా తుపాకి లోపలికి రాదనీ తనకొచ్చిన హిందీలో చెప్పాడు.

"ఖలాస్! తుపాకి లోపలికి రాకపోతే పాస్‌పోర్టు బయటికి రాదు."

కాక తూటాలు తీసి నా జేబులో పోశాడు. తుపాకిని బయటి గోడకు ఆనించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేమన్న పిస పట్టిందా కాకా? పిట్ట కోసం ఫ్లైట్ పోగొట్టుకుంటవా? ఆడ చిన్నమ్మ ఎదురుచూస్తలేదా?" అని అరిచాను.

"నోర్మూసుకొని తుపాకి సూస్తుండు" అని ఆ మోకాళ్లతోనే పొదల్లోకి పోయాడు.

నేను ఆ ఇనుప ముక్కకు కావలి కాస్తూ వాణ్నీ తిట్టాను, కాకనూ తిట్టాను. ఎండ నడినెత్తికి వచ్చాక కాక తిరిగొచ్చాడు. చొక్కా చిరిగింది, చేతులు గీరుకుపోయాయి. మెడ విరిచిన పిట్ట చేతిలో ఉంది. నేరుగా తిండి దగ్గరికి పోయి చిన్న కఫీల్ కంచం పక్కన దాన్ని పెట్టాడు. హిందీలో మొదలుపెట్టాడు గానీ, కోపంలో అది తెలుగైపోయింది.

"నువ్వు కొట్టిన పిట్ట ఇది. మీ నాయినైతే ఎండల నడిచి ఎతికేటోడు. నువ్వు కూసోని మెక్కుతున్నవ్. ఇగో, ఇప్పుడు తుపాకి లోపలికి రావచ్చు. నువ్వే తెచ్చుకో, నువ్వే తుడుసుకో. నేను ముట్ట!"

మాటలు అర్థం కాకపోయినా పిట్ట, గోడ వైపు చూపించిన వేలు వాడికి బాగానే అర్థమయ్యాయి. రేపట్నుంచి నీకు పని లేదు పో అని అరిచాడు. పని ముందే పోయింది, ఇంకేం పీకుతాడు? స్నేహితుల్లో ఒకడు కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. మిగతావాళ్లు వీడి మొహంకేసే చూస్తున్నారు. చిన్న కఫీల్ పళ్లు కొరుక్కుంటూ లోపలికి పోయి పాస్‌పోర్టు తెచ్చి ఇసుకలోకి విసిరాడు. కాక వంగి తీసుకొని, దుమ్ము దులిపి జేబులో పెట్టుకున్నాడు. మేం కారెక్కేసరికి తుపాకి ఇంకా బయటే ఉంది.

తూటాలు నా జేబులోనే ఉండిపోయాయని గేటు దగ్గర గుర్తొచ్చింది. కాపలావాడి చేతిలో పెట్టేసి బండి ఉరికించాను. ఎయిర్‌పోర్టు దగ్గరి అరాద్ దాటుతుంటే కాక పాస్‌పోర్టు బయటికి తీసి చూసుకున్నాడు.

"గింజలేసి పెంచింది నేనే పరమేశ్" అన్నాడు. "నన్ను నమ్మి కాళ్ల కాడికొస్తే ఆడనే కొట్టిండ్రు. ఇగ నాకు తుపాకి వద్దు, దాని ముచ్చటా వద్దు."

ఎయిర్‌పోర్టు బయట నా ఫోన్ తీసుకొని ఇంటికి చేశాడు.

"ఏమే, ఇంటున్నవా? గోడకు ఆ మొల ఉన్నది సూడు. దానికి నీ సంచి తగిలేసుకో."

అవతల భీమవ్వ చిన్నమ్మ గొంతు నాకూ వినపడేంత గట్టిగా లేచింది. "ఇన్నేండ్లకు సెప్తున్నవా? నువ్వు దుబాయి పోయిన్నాడే తగిలేసిన. నువ్వొస్తున్నవంటే తీసి దాస్త!"

కాక ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఈసారి తియ్యకు" అన్నాడు.