గోళ్ల మిషన్ ఆగిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. అన్నీ వచ్చని కాదు, ఎవరు ఏది అడిగినా "వచ్చు" అనేసేదాన్ని. డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంట్లో కూర్చున్న ఇరవయ్యేళ్ల పిల్లకు అంతకు మించి చేతిలో ఏముంటుంది చెప్పండి. జహనుమాలో మా గల్లీ చివర ఒక లేడీస్ పార్లర్ ఉండేది. దాన్ని నడిపే ఆవిడను చిన్నా పెద్దా అందరూ బాజీ, అంటే అక్కా, అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. కనుబొమలు తీర్చడంలో, పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడంలో చేయి తిరిగిన మనిషి. అయితే వచ్చే ఆడపిల్లలంతా పెట్టుడు గోళ్లు అడగడం మొదలుపెట్టారు, అది మాత్రం ఆమెకు రాదు. పని కోసం వెళ్లిన నన్ను గోళ్ల పని వస్తుందా అని అడిగింది. వచ్చు అన్నాను. మిషన్ కూడా నడుపుతావా అంది. నడుపుతాను అన్నాను. ఎక్కడ నేర్చుకున్నావంటే కోర్సు చేశానని చెప్పాను. (ఫోన్లో పదకొండు వీడియోలు చూశాను. అందులో రెండు ఏ భాషవో ఇప్పటికీ తెలియదు.)

బాజీ నా మాట నమ్మి మిషన్ తెప్పించింది. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికి వైరుతో వేలాడే లావుపాటి పెన్ను లాంటి పిడి, పిడి కొనకు గుండ్రంగా తిరిగే చిన్న రాయి. రాయి తగిలిన చోట పెట్టుడు గోరు అరిగి పిండిలా రాలుతుంది. పెట్టె మీద ఆన్ చేసే బటన్, వేగం పెంచే చక్రం, ఆ పక్కన అటూ ఇటూ జరిగే బుల్లి మీట. మీటకు ఒక కొసన ఇంగ్లిషులో హెచ్ అనీ రెండో కొసన ఎఫ్ అనీ రాసుంది. హెచ్ అంటే హై, ఎఫ్ అంటే ఫాస్ట్ అని నేను మొదటి రోజే తేల్చేశాను. హైకీ ఫాస్ట్‌కీ తేడా ఏమిటని నన్ను నేను అడగలేదు, అడిగితే జవాబు లేదు కాబట్టి. డబ్బాలో వైరు తగిలించిన నల్లటి పలక లాంటిది కూడా ఒకటి వచ్చింది. అదేమిటని బాజీ అడిగితే స్పేర్ అని చెప్పి బీరువా కిందికి తోసేశాను.

మూడు నెలలు ఏ లోటూ లేకుండా గడిచాయి. అప్పుడొక మధ్యాహ్నం బార్కస్ నుంచి ఒక పెళ్లికూతురు వాళ్ల నానమ్మను, దాదీని, వెంటబెట్టుకుని వచ్చింది. ఆ సాయంత్రమే నిఖా. వారం కిందట తనే వచ్చి ఊదారంగు గోళ్లు పెట్టించుకుంది, నేనే పెట్టాను, చాలా ముచ్చటగా కుదిరాయి కూడా. ఇప్పుడు వాటిని తీసేయాలట. నమాజుకు ముందు వజూ చేసి చేతులూ కాళ్లూ కడుక్కునేటప్పుడు నీళ్లు అసలు గోళ్లకు తగలాలని, పైన ఈ ప్లాస్టిక్ ఉంటే ఎలా తగులుతాయని దాదీ పట్టుబట్టింది. పొద్దువాలే అసర్ నమాజు వేళకల్లా ఇంట్లో ఉండాలని ముందే చెప్పింది. మిషన్ ఉండగా మీకేం ఫికర్ వద్దని, పది గోళ్లూ గంటన్నర పని అని నేను పెద్ద డాక్టరమ్మలా అభయమిచ్చాను. పెళ్లికూతురు మాత్రం గోళ్ల వంకే చూసుకుంటూ ఎడమచేయి చాపింది.

ఎడమచేయి గోళ్లు అయిదూ అరగదీసేసరికి గదంతా ఊదారంగు దుమ్ము. దాదీకి దగ్గు పట్టుకుంది. నేను మిషన్ ఆపి, దాన్నీ బల్లనూ గుడ్డతో తుడిచి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆవిడ చేత తాగించాను. ఆ తర్వాత కుడిచేయి పట్టుకుని, దర్జాగా బటన్ నొక్కాను. లైటు వెలిగింది. వేగం చూపించే అంకె కూడా వెలిగింది. రాయి మాత్రం తిరగలేదు.

ఆపి మళ్లీ నొక్కాను. ప్లగ్గు తీసి ఇంకో బోర్డులో పెట్టాను. అదే బోర్డులో జుట్టు ఆరబెట్టే డ్రయర్ పెట్టి చూస్తే అది గాలి హోరుమని కొట్టి దాదీ దుపట్టా ఎగరగొట్టింది, అంటే కరెంటు ఉంది. రాయి ఊడదీసి మళ్లీ బిగించాను. పిడిని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. (ఏం వినపడాలో తెలిస్తే కదా.) చక్రం చివరిదాకా తిప్పితే అంకె ముప్పైకి ఎక్కింది గానీ రాయి ఉలుకూ పలుకూ లేదు. బుల్లి మీట కూడా చూశాను, ఎఫ్ దగ్గర ఉంది. ఫాస్ట్‌లోనే ఉంది కదా, ఇక దాని జోలికెందుకని వదిలేశాను.

బాజీ పక్క కుర్చీలోంచి ఏమైందని అడిగింది. మా ఇంట్లో మిక్సీ పాడైనప్పుడు విన్న మాటొకటి నోటికొచ్చింది.

"కార్బన్ అరిగినట్టుంది, బాజీ."

"కార్బన్ అంటే ఏంది?"

"అరిగేది."

బాజీ నన్నూ మిషన్‌నూ ఒకసారి చూసింది. పెళ్లికూతురు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకటి బోసిగా, ఒకటి ఊదారంగుతో మెరుస్తూ, ఇద్దరు మనుషుల చేతుల్లా ఉన్నాయవి. దాదీ చేతిలో తస్బీ జపమాల పూసలు ముందుకంటే జోరుగా తిరుగుతున్నాయి. ఈ లోపల తను గోళ్లకు మందు దూది చుట్టి నానబెడతానని, నన్ను మిక్సీ చాచా దగ్గరికి పరుగెత్తమని బాజీ చెప్పింది. ఒక్క చేతికే ఊదా గోళ్లతో ఒక పిల్ల నిఖాకు కూర్చోవడం, దాని వెనకే నా కొలువు పోవడం కళ్ల ముందు కనపడుతుండగా మిషన్‌ను చంకలో పెట్టుకుని ఎండలో పడ్డాను.

మిక్సీ చాచాది రెండు గల్లీల అవతల బెత్తెడు దుకాణం. మిక్సీలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్ మోటార్లు బాగు చేసేవాడు. నా మిషన్‌ను చూసి పళ్ల డాక్టర్ దగ్గర చేరావా అని అడిగాడు. గోళ్లు గీసే మిషన్ అన్నాను. అర్థం కాలేదు గానీ పిడి మరలు విప్పాడు. లోపల్నుంచి ఊదారంగు పిండి బొళబొళ కాగితం మీద పడింది. చాచా దాన్ని వేలితో తీసి, నలిపి, వాసన చూశాడు.

"ఇదేంది బేటీ, రంగుల మైదానా?"

"గోళ్లు, చాచా."

"ఎవరివి?"

పెళ్లికూతురివి అన్నాను. చాచా మెల్లగా లేచి, చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తర్వాత మోటారులోని కార్బన్ ముక్క చూశాడు, కొత్త దానిలా ఉందన్నాడు. వైరు చూశాడు, బాగుందన్నాడు. బ్రష్షుతో శుభ్రం చేసి అంతా బిగించి పెట్టాడు. లైటు వెలిగింది, రాయి తిరగలేదు. కళ్లజోడు నుదుటి మీంచి దించి మీట దగ్గర రాసిందేమిటని అడిగాడు. హెచ్ అంటే హై, ఎఫ్ అంటే ఫాస్ట్ అని ఎంత నమ్మకంగా చెప్పానంటే, ముప్పై ఏళ్ల అనుభవమున్న ఆ మనిషి కూడా తల ఊపి, అయితే సరిగ్గానే ఉందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరం దవడకు చేతులు ఆనించుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

చివరికి చాచా పెట్టెను వెనక్కి తిప్పాడు. అక్కడ గుండ్రంగా చిన్న పొక్క ఉంది.

"ఇది దేనికి?"

"గాలికి," అన్నాను.

"గాలికి గాదు బేటీ. కుట్టుమిషన్ మోటార్‌కు గూడ గిట్లనే ఉంటది. అండ్ల పైడల్ వైరు పెడ్తరు. కాలుతోని తొక్కితేనే తిరుగుతది. దీని పైడల్ ఏది?"

బీరువా కింది నల్లటి పలక గుర్తొచ్చింది. కాలును ఇంగ్లిషులో ఫుట్ అంటారని, చేతిని హ్యాండ్ అంటారని మూడో తరగతి పిల్లకు తెలుసు. నేను వేలితో మీటను హెచ్ వైపు జరిపాను. చక్రం ముప్పై మీదే ఉందన్న సంగతి మరిచాను. మిషన్ కీచుమని అరిచి, పిడి బల్ల మీద పాములా మెలికలు తిరిగి, ఊదా పిండి చాచా గడ్డం మీదికి ఎగజిమ్మింది. ఆయన తిట్టలేదు. గడ్డం దులుపుకుంటూ, ఇంగ్లిషు చదివిన పిల్లవి, నీ మాటే నమ్మిన అన్నాడు. తిట్టినా అంత సిగ్గేసేది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒక కథ అల్లాను. లోపల కాయిల్ కాలిందని, చాచా కొత్తది చుట్టాడని, మిషన్ మహా సున్నితమైనదని. తలుపు కర్టెన్ తీసేసరికి బాజీ దూది చుట్టిన పెళ్లికూతురి వేళ్లు పట్టుకుని కూర్చునుంది. రెండు గోళ్లు మెత్తబడి ఊడాయి, మూడు మొండికేశాయి. నేను నోరు తెరవకముందే ఆమే చెప్పింది.

"చాచాకు ఫోన్ చేసిన. మిషన్‌కు ఏం కాలేదంట గదా. బటన్ ఎవరో జరిపిన్రంట."

నేను అల్లిన కథంతా వృథా అయింది. దాదీ పూసలు ఆపింది. పెళ్లికూతురు తల బాగా వంచేసింది. పాపం నా మీద జాలి పడుతోందనుకున్నాను.

"నేనే, బాజీ. తుడుస్తుంటే చెయ్యి తగిలినట్టుంది. దాని మీద ఏం రాసుందో నాకు సమజ్ కాలే. కోర్సు గూడ చెయ్యలే. ఫోన్ల చూసి నేర్చుకున్న."

బాజీ చాలాసేపు నన్ను చూసింది. ఆ చూపులో కోపముందో, నవ్వుందో, మరేముందో ఆ రోజు తెలియలేదు, ఇప్పుడూ తేల్చుకోలేను.

"ఉన్న మూడు గోళ్లు తియ్యనీకె వస్తదా?"

"వస్తది."

"అయితే తియ్. మిగిలిన ముచ్చట రేపు." అని దాదీకి చాయ్ పెట్టడానికి ఆవిడను లోపలికి తీసుకుపోయింది.

నేను మిషన్ పెట్టుకుని, పెళ్లికూతురి కుడిచేయి అందుకున్నాను. ఆ పిల్ల తలుపు వైపు ఒకసారి చూసి ముందుకు వంగింది.

"ఆపా, మీ చెయ్యి తగల్లేదు. మీరు నీళ్లకు పోయిన్రు గదా, అప్పుడు నేనే జరిపిన."

ఎందుకని అడిగాను. నగలు అత్తగారివాళ్లు తెచ్చారని, బట్టలు మేనత్త ఫూఫీ ఎంచిందని, ఫంక్షన్ హాలు, వంటలు, పిలుపులు అన్నీ పెద్దవాళ్లే చూసుకున్నారని చెప్పింది. ఈ పెళ్లిలో తనకై తాను ఎంచుకున్నది ఈ రంగొక్కటే. ఒక చెయ్యి బోసిపోయేసరికి ఏడుపొచ్చి, మిషన్ ఆగితే ఇంకాసేపు ఉంటాయి కదా అనుకుని చేతికందిన మీటను జరిపిందట. దాదీకి చెప్పొద్దని బతిమాలింది. నేనేమో అనవసరంగా నేరమంతా ఒప్పేసుకుని, అడగని కోర్సు సంగతి కూడా కక్కేసి కూర్చున్నాను. ఇక అది వాపసు తీసుకునే దారి లేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చప్పుడు బయటికి రాకుండా కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం.

ఆ పిల్ల ఫోన్ తీసుకుని మిగిలిన మూడు గోళ్లకూ ఫోటో తీసిచ్చాను. తర్వాత వేగం అన్నిటికంటే తక్కువలో పెట్టాను. పావుగంటలో అయ్యే పని, అసర్‌కు ఎంత సమయముందో గోడ గడియారంలో చూసుకుంటూ, అరగంట చేశాను. లోపల్నుంచి దాదీ ఇంకా కాలేదా అని అడిగితే, మిషన్ ఇప్పుడే కదమ్మా రిపేరైంది, మెల్లగానే నడపాలి అన్నాను. ఆ రోజు నేను పని తెలిసి చెప్పిన మాట అదొక్కటే అనుకుంటాను.

మర్నాటి ముచ్చటలో బాజీ నన్ను తీసేయలేదు. మిషన్‌తో వచ్చిన కాగితం చేతిలో పెట్టి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివించింది. ఆ తర్వాత ఆమె దగ్గరే అయిదేళ్లు చేశాను. ఇప్పుడు ఎవరైనా కొత్త పని అడిగితే, చూసి చెప్తానండీ అనడం అలవాటైంది. మనుషులు నన్ను నెమ్మదస్తురాలంటారు. అప్పుడప్పుడు మాత్రం, ఏమీ తెలియకుండానే ఎదురుగా చాపిన చేతిని అంత ధీమాగా తన చేతిలోకి తీసుకున్న ఆ ఇరవయ్యేళ్ల పిల్ల గుర్తొచ్చి, ఎదురైతే చెవి మెలిపెట్టాలో పక్కన కూర్చోబెట్టుకోవాలో తెలియక, ఒక్కదాన్నే నవ్వుకుంటుంటాను.