అన్న చేతిలో అగ్గిపుల్ల

ఇవాళ జ్వరం మందు కోసం నల్లగొండ దవాఖానకు పోయి, కడుపు మండి ఇంటికి వచ్చాను.

నా ముందు పోచంపల్లి నుంచి వచ్చిన ఇద్దరు నేత అన్నదమ్ములు ఉన్నారు. తమ్ముడి రొమ్ములో పిల్లికూతలు నాకూ వినిపిస్తున్నాయి.

"మగ్గం మీద కూసోమంటే సాలు సారూ, దమ్మొస్తదంటడు. ఒట్టి నాటకం" అన్నాడు అన్న.

డాక్టరు అగ్గిపుల్ల గీసి, జానెడు దూరంలో పట్టుకుని, పెదవులు ముడవకుండా నోరు తెరిచి ఊదమన్నాడు. మంట వణికింది గాని ఆరలేదు. మరిగించిన సూదితో మందు ఎక్కించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ పుల్ల గీశాడు. ఈసారి ఊదగానే ఆరింది.

"బిగుసుకున్న ఊపిరి గొట్టాలు మందుకు తెరుసుకున్నయి. అందుకే గిది ఉబ్బసం" అన్నాడు డాక్టరు.

"గిప్పుడు ఊదిండు గద సారూ! అంటే ఇందాక కావాలనే ఊదలే" అన్నాడు అన్న.

బయటికి రాగానే బీడీ ముట్టించుకుని, ఆ పుల్లనే తమ్ముడి మూతి ముందు పెట్టాడు. "ఊదురా, జూస్త!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తమ్ముడు ఊదలేదు. పుల్ల కాలి అన్న వేళ్లు చుర్రుమనేదాకా అతని కళ్లలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఇవాళ నా కంటబడిన న్యాయం అంతే. మీ ఊళ్లో ఇంతకన్నా ఎక్కువ దొరుకుతోందా?