ఎండకూడని బంగళా

జంతుశాస్త్రంలో డిగ్రీ చేసినవాడికి ఆ రోజుల్లో రెండు దారులుండేవి. ట్యూషన్లు చెప్పుకోవడం ఒకటి, డిగ్రీ సంగతి ఎవరికీ చెప్పకపోవడం రెండోది. నేను మూడోది కనిపెట్టాను. తొంభైల మొదట్లో జూబ్లీహిల్స్ ఇళ్ళలో అక్వేరియాలు కడిగేవాడిని.

ఒక నిర్మాతగారింట్లో ఆయన అక్కగారి గదిలో అక్వేరియం ఉండేది. అందులో ఒకే ఒక్క గోల్డ్‌ఫిష్. కుటుంబం మద్రాసు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఆవిడ దాన్ని స్టీలు బిందెలో వేసుకుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. భర్త పోయాక ఆవిడ ఎక్కువగా మాట్లాడింది దానితోనే. గొంతు వినగానే అది అద్దం దగ్గరికి వచ్చేది. ఆ ఇంట్లో పిలిస్తే వచ్చేది అదొక్కటే.

ఒక ఎండాకాలం నిర్మాతగారు బక్కెట్టు పట్టుకుని వచ్చారు. అందులో పచ్చటి నీళ్ళు, నీళ్ళలో కాల్చిన మట్టితో చేసిన జానెడు బంగళా. రెండంతస్తులు, పదకొండు కిటికీలు, తలుపు మీద ఎర్ర రంగుతో వేసిన బొట్టు. ఆయన సినిమాలో వరద సీను కోసం చేయించి, చెరువు నీళ్ళు నింపిన సిమెంటు తొట్టిలో ముంచారు. సినిమా నూరు రోజులు ఆడింది. అప్పట్నుంచీ అది ఆఫీసు వరండాలో ఆ నీళ్ళలోనే, నీళ్ళతో వచ్చిన చేపపిల్లల మధ్యనే ఉంది. ఎండితే కలిసిరాదని సిద్ధాంతిగారు చెప్పారట.

"అక్కకి బహుమతి. అక్వేరియంలో పెట్టెయ్," అన్నారు.

"వేరే నీళ్ళలో ఉన్నదాన్ని అలాగే పెట్టకూడదండీ. మరిగే నీళ్ళలో వేసి, నెల రోజులు ఎండబెడితే పురుగూ గుడ్డూ ఏమున్నా చస్తాయి."

"ఉడకబెడతావా? ఏవయ్యా, అది బంగళానా, బంగాళాదుంపా?"

"పోనీ, ఎండనైనా..."

"ఎండకూడదనే కదా మొత్తుకుంటున్నాను! నీ చదువు నీ దగ్గరుంచుకో."

ఉంచుకున్నాను. తర్వాత జరిగినదానికి ఆ ఒక్క మర్యాదే కారణం. గోడలను ఉప్పు వేసి బ్రష్షుతో తోమాను. కిటికీల్లోంచి లోపలికి వేలు పట్టలేదు. బొట్టు చుట్టూ నువ్వుగింజల్లాంటివి కొన్ని అంటుకుని ఉన్నాయి. ఊడుతున్న రంగు పెచ్చులనుకుని, సెంటిమెంటుకు దణ్ణం పెట్టి వదిలేశాను.

మూడు వారాలకు చేప తిండి మానేసింది. ఒళ్ళు ఇసుకకేసి రుద్దుకునేది. పొలుసుల మీద ఎర్రటి చుక్కలు.

"పిలిస్తే రావట్లేదు బాబూ," అన్నారు అక్కగారు. "వినబడక కాదు. వింటోంది, రావట్లేదు."

అంతలో కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నమే గానీ, ఎండకు తెరలన్నీ వేసి ఉన్నాయి. అక్వేరియం నల్లబడింది. నిర్మాతగారి డ్రైవరు కారులోంచి టార్చి తెచ్చి అద్దానికి ఆనించి వెలిగించాడు. బోరబండ బస్తీ మనిషి, మామూలుగా నోరు మూతపడదు. బంగళా ఒక్కో కిటికీ మీదికీ టార్చి తిప్పాడు.

"సార్," అన్నాడు చివరికి. "గీ ఇంట్ల ఎవరో ఉన్నరు."

వంగి చూశాను. ప్రతి కిటికీలోనూ ఒకటి నిలబడి ఉంది. అంగుళం పొడవు, దారమంత సన్నం. అడుగు భాగం కిటికీ అంచుకు అంటించుకుని, తలవైపు మెల్లగా ఊపుతున్నాయి. చేప ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్ళింది. పదకొండూ ఒకేసారి అటు వంగాయి. చేప తిరిగి వచ్చింది. ఇటు వంగాయి.

"ఏంది సార్ గివి?"

"జలగలు. చేపలను పట్టే రకం." బొట్టు చుట్టూ చూసిన ఆ నువ్వుగింజలు వాటి గుడ్ల సంచులు. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. పరీక్షలో అడగలేదని మర్చిపోయాను.

"అంతేనా! నేను దయ్యాలేమో అనుకున్న."

దయ్యాలైతేనే నయమనిపించింది. అవి గుడ్లు పెట్టవు.

అక్కగారు పెద్ద గిన్నెతో నీళ్ళు మరగబెట్టమని వంటింట్లోకి కేకేశారు. ఆ కేకకు నిర్మాతగారు పరుగెత్తుకొచ్చారు.

"అక్కా, నూరు రోజులాడిన బంగళా అది!"

"నా చేప తొమ్మిదేళ్ళుగా ఆడుతోందిరా. తప్పుకో."

ఆయన తప్పుకున్నారు. బంగళాను మరిగే నీళ్ళలోకి దించాను. అవి కిటికీల్లోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చి, తెల్లబడి, పైకి తేలాయి. చేపను కాసేపు ఉప్పునీళ్ళ బేసిన్‌లో ఉంచితే కడుపు కింద పట్టుకున్నవి నాలుగు ఊడిపడ్డాయి. ఇసుక పారబోసి, అక్వేరియం తుడిచి ఆరబెట్టాను. బంగళా నెల రోజులు మేడ మీద ఎండింది.

చేప బతికింది. రెండు వారాలకు తిండి తింది, పిలిస్తే వచ్చింది. ఎండిన బంగళాను మాత్రం అక్కగారు నీళ్ళలో పెట్టనివ్వలేదు. అక్వేరియానికి ఎదురుగా అల్మరాలో పెట్టించారు.

"కనబడుతూ ఉండాలి," అన్నారు. ఎవరికి కనబడాలో చెప్పలేదు.

ఆ తర్వాత చేప ఏ గోడకీ ఆనుకుని తిరగడం నేను చూడలేదు. పిలిచినప్పుడు వచ్చి, మళ్ళీ నడిమధ్యకు వెళ్ళిపోయేది.

సాయంత్రాలు నేను కొండ దిగి బస్సుకు నడిచేవాడిని. రెండు వైపులా పెద్ద పెద్ద ఇళ్ళు, పై అంతస్తు కిటికీల్లో తెరలు కొంచెం కొంచెంగా కదిలేవి. గాలి ఉండేదో లేదో గుర్తులేదు. రోడ్డు నడిమధ్యన నడుస్తున్నానని కార్లవాళ్ళు తిట్టేవారు.