చాప కింది గుంట

మొన్న మంథనిలో బస్సు దిగి నడుస్తుంటే పులిసిన గంజి వాసన తగిలింది. నేతగాళ్ళ వాడలో వీధి పొడవునా పడుగు పోగులు సాగదీసి, ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. ఆ వాసనతో పాటే రహమత్ సాబ్ గుర్తుకొచ్చారు. 'సంఘం నూలు తిన్న సాబ్' అని ఈ వాడలో ఇప్పటికీ అంటారు. ఆయన తినలేదు. ఆ మాట పుట్టడానికి కారణం నేను. ఆయన పోయాక ఈ సంగతి చెప్పడం ఆలస్యమే, అయినా చెప్పాలి.

అప్పటికింకా హైదరాబాదు రాష్ట్రమే. సాబ్ మా నేత సహకార సంఘానికి పెద్ద, నేను ఆయన కింద గుమాస్తాను. సంఘం నేతగాళ్ళకు నూలు అరువిచ్చేది. వాళ్ళు గుడ్డ నేసి తెస్తే నూలు ఖరీదు పట్టుకుని కూలి ఇచ్చేది. ఇంట్లో మగ్గం ఉన్నవాళ్ళకే నూలు ఇవ్వాలని నియమం. నేను చేరిన వారంలోనే ఆయన ఒక ఇంటికి తీసుకెళ్ళారు. అక్కడ మగ్గం లేదు. తొక్కుడు చెక్కల కోసం, నేసేవాడు కాళ్ళు దించుకునే గుంట మాత్రం తవ్వి ఉంది. సాబ్ చెప్పులు విడిచి, గుంట అంచున కూర్చుని, కాళ్ళు వేలాడేసి చూశారు.

"గీ ఇంటికి నూలు రాసుకో."

"మగ్గమేది సాబ్?"

"గుంట ఉన్నది గద."

"గుంట మగ్గమెట్లయితది?"

"నర్సయ్యా, మగ్గాన్ని రేపు బండ్ల ఏసుకొని పోవచ్చు. గుంటను ఎత్తుకపోతడా? ఉన్న ఒక్క అర్రల సగం తవ్వుకున్నోడు యాడికి పోడు. జర సోచాయించు."

ఇంటాయన నవ్వాడు. "మా సాబుకు మనిషి కన్న బొందనే నమ్మకం."

ఆయన నమ్మిన గుంటల్లో ఒక్కటీ ఆయనను మోసం చేయలేదు. మోసం చేసింది నేనే.

రాజవ్వ భర్త పోయాక మగ్గం మరిది ఇంటికి చేరింది. ఆమె అదే మగ్గానికి నూలు కండెలు చుట్టి, తాను బతుకుతూ, చెవులు వినపడని అత్తను పోషించేది. ఒకరోజు సంఘానికి వచ్చి గడప దగ్గరే నిలబడింది. "కండెలు చుట్టి చుట్టి నా చేతులే కండెలైనయ్ సాబ్. నా మగ్గం మీద నేనొక్క చీర నేస్త." గడ్డపారతో గుంట తానే తవ్వుకుంది. సాబ్ ఆమెకు నూలు రాశారు. మగ్గం కలప కోసం తన ఇంటి పెరటి తలుపు ఊడదీసి, గోదావరి దాటించి చెన్నూరులోని వడ్రంగికి పంపించారు.

ఆ వారంలోనే నేను ఒక ముసలాయనకు కాగితం చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించాను. సాబ్ అందరి ముందూ అడిగారు: "చదవకుంట ఏలు పట్టి ఒత్తుతవా? గాయన ఏలు నీ బాపు జాగీరా?" వాకిట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాలో ముల్లులా ఉండిపోయింది.

మగ్గం లేని ఇంటికి నూలిచ్చారని రాజవ్వ మరిది అర్జీ పెడితే కరీంనగర్ నుంచి అధికారి వచ్చాడు. మగ్గం పని తొందర చేయడానికి సాబ్, రాజవ్వ చెన్నూరు వెళ్ళి ఉన్నారు. ఇంటి దగ్గర ముసలి అత్త ఒక్కతే ఉంది. ఆమె పడిపోతుందని గుంట మీద చెక్కలు పరిచి, చాప కప్పారు. అధికారి నాతో వచ్చి సరిగ్గా ఆ చాప మీదే నిలబడ్డాడు.

"గీ ఇంట్ల మగ్గం ఉన్నదా?"

"లేదు సార్."

"మరి నూలెట్ల ఇచ్చిండ్రు?"

"సాబ్ రాయమన్నరు సార్."

ఆయన బూటు కింద చెక్క కిర్రుమంది. ఆ చప్పుడు దేనిదో నాకు తెలుసు. చాప ఎత్తి, మగ్గం చెన్నూరులో తయారవుతోందని చెబితే చాలు. నేను ఎత్తలేదు. అడిగినదానికి నిజమే చెప్పానని చాలా ఏళ్ళు ఆ మాటనే ఆసరా చేసుకుని బతికాను.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య గడిచి ఎంతో కాలం కాలేదు. సాబ్ లాంటి వాళ్ళ మీద అనుమానం తొందరగా అంటుకునే రోజులు. వారం తిరక్కుండానే, లేని మగ్గం పేరున నూలు తిన్నాడని ఆయనను పనిలోంచి తీసేశారు. రాజవ్వ ఇంట్లోని నూలు వెనక్కి తెచ్చింది నేనే. చెన్నూరు నుంచి మగ్గం వచ్చేసరికి నేయడానికి పోగు లేదు.

"సారూ, ఆఫీసరు చాప మీదనే నిలబడ్డడట గద," అంది రాజవ్వ. "జర జరుగుమని ఒక్క మాట అనకపోతివి?"

ఆ కొత్త మగ్గాన్ని మరిదే చవగ్గా కొన్నాడు. ఆమె అత్తను తీసుకుని షోలాపూర్ పోయింది. సాబ్ కుర్చీ నాకు ఇచ్చారు.

కొన్నేళ్ళకు బాసర పోయినప్పుడు సాబ్ కనిపించారు. రైలు స్టేషన్ దగ్గర గాజులు అమ్ముకుంటున్నారు. క్షమాపణ చెప్పాలని ఎదురుగా కూర్చుని, గాజుల ధర అడిగాను. ఆయనే చాయ్ తెప్పించారు.

"రాజవ్వ గుంట పూడ్చిండ్రా?"

"పూడ్చిండ్రు సాబ్."

ఆయన గాజులు సర్దారు. "తవ్వినంత సేపు పట్టదులే పూడ్చనీకి," అన్నారు. ఇంకేమీ అడగలేదు. ఆయనకు అంతా తెలుసని అప్పుడే అర్థమైంది.

ఊరు మారినా నాది ఇప్పటికీ అదే ఉద్యోగం. అప్పు కోసం ఎవరు పిలిచినా, వాళ్ళింట్లో అడుగు పెట్టగానే ముందు చాప ఎత్తమంటాను. "తేలుంటదని భయమా సారూ?" అని నవ్వుతారు.

అవునంటాను.