లేదనని ఉందిగారు

ఆయన నోట 'లేదు' అన్న మాట పలికించడం బ్రహ్మతరం కూడా కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అన్న పాపాన పోలేదు. అందుకే అసలు పేరు జీతాల కాగితంలోనే మగ్గిపోయి, లోకానికంతా ఆయన 'ఉందిగారు' అయి కూర్చున్నారు.

"ఉందిగారూ, పెన్నుందా?" అని అడిగి చూడండి. జేబులన్నీ తడుముకుంటారు. "పెన్సిలుంది. సుద్దముక్కుంది. పెన్ను మూతుంది. మూతతో ఏమైనా పనవుతుందా?" అంటారు. ఇంట్లో ఉప్పు అయిపోతే "నిండుకుంది" అంటారు. సరే, అది అందరూ అనేదే. కానీ కరెంటు నిండుకుంది, కుళాయిలో నీళ్ళు నిండుకున్నాయి, నెత్తిమీద జుట్టు నిండుకుంది అనేవారు మాత్రం ఆయనొక్కరే. వాళ్ళావిడ విసిగిపోయి, "మీకసలు బుద్ధి ఉందా, లేదా?" అంటే, "ఉంది" అంటారు. "సిగ్గో?" అంటే, "అదీ ఉంది, ఎక్కడో పెట్టాను" అంటారు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి, బస్సుల్లో పోయిన వస్తువులు అప్పగించే ఆఫీసులో వేశారు. వేసినవాడెవడో గానీ వాడి నోట్లో చక్కెర పొయ్యాలి. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు, ఎవరో సగం అల్లి వదిలేసిన స్వెట్టరు, వీటి మధ్య కంప్యూటరు ముందు కూర్చుని ఉందిగారు సొంతంగా ఒక వెతికే ప్రోగ్రాం రాశారు. వస్తువుతోపాటు కండక్టర్లు పంపే చీటీల్లోని మాటలన్నీ అందులోకి ఎక్కిస్తారు. పోగొట్టుకున్నవాళ్ళేమో వచ్చి తమ మాటల్లో చెప్పుకుంటారు. వీళ్ళు 'సంచి' అంటే చీటీలో 'బ్యాగు' అని ఉంటుంది. ఈ రెంటికీ పెళ్ళి చెయ్యడమే ప్రోగ్రాం పని.

మొదట్లో అది చాలా తిప్పలు పెట్టింది. మాటల చివర 'లో', 'కి', 'తో' లాంటి తోకలు తీసేస్తే వెతకడం సులువవుతుందని అందులో ఒక కత్తెర పెట్టారు. 'బస్సులో' అంటే 'బస్సు' అయింది, బాగానే ఉంది. ఇంతలో ఒక వడ్రంగి వచ్చి, "కిలో మేకులు పోయాయండీ" అన్నాడు. ప్రోగ్రాం 'కిలో'లోంచి 'లో' కత్తిరించింది. మిగిలిన 'కి' కూడా తోకే కదా అని దాన్నీ కత్తిరించింది. తెర మీద ఒట్టి మేకులు మిగిలాయి. "నా కిలో ఏదండీ?" అని వడ్రంగి లబోదిబోమన్నాడు. ఆ కత్తెరకి బుద్ధి చెప్పేసరికి ఉందిగారికి తలప్రాణం తోకకొచ్చింది.

ఇదంతా కళ్ళారా చూసింది కౌంటరు దగ్గరి కొత్తమ్మాయి. చేరి చాన్నాళ్ళయినా ఆ పిల్లకి పాతబడే యోగం పట్టలేదు. మనిషి నిక్కచ్చి. ఉంటే ఉందని, లేకపోతే లేదని మొహం మీదే చెప్పేసే రకం. ఉందిగారితో వేగలేక ఛస్తూండగా, ఒకరోజు తనకే అవసరం పడింది.

వాళ్ళ తాతయ్య కట్టుడుపళ్ళు బస్సులో పోయాయి. చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని తీసి డబ్బాలో పెట్టి, డబ్బా సీటు మీద మర్చిపోయి దిగేశారు. తాతయ్యంటే మామూలు మనిషా! పొద్దున్న పేపరుతో మొదలుపెడితే పక్కెక్కేదాకా ఎవరితోనో ఒకరితో వాదించకపోతే తిన్నదరగదు. "అబ్బ, కాసేపు నోరు మూసుకో తాతయ్యా!" అని మనవరాలే ఎన్నిసార్లు అందో. ఇప్పుడాయన నిజంగానే మూసేశారు. బోసినోరు ఎవరికీ చూపించనని తువ్వాలు అడ్డం పెట్టుకుని గదిలోంచి రావడం మానేశారు. కొత్తవి కట్టించుకో అంటే వద్దని చెయ్యి ఊపారు. వాదించేవాళ్ళు కరువై ఇల్లు బావురుమంటోంది.

కొత్తమ్మాయి బెంగ దిగమింగుకుని 'తాతయ్య పళ్ళు' అని టైపు చేసింది. తెర మీద టక్కున వచ్చింది: 'అరటిపళ్ళ సంచి. కొన్ని బాగా మగ్గినవి.'

"ఏవండీ! పళ్ళడిగితే పళ్ళు చూపిస్తుందేమిటండీ మీ ప్రోగ్రాం?"

"అడిగినవే చూపించిందిగా అమ్మా."

"తినడానికి పళ్ళండీ!"

"అవీ తినడానికేనమ్మా."

"అయ్యో రామా! నోట్లో పెట్టుకునే పళ్ళు!"

"మరి ఇవెక్కడ పెట్టుకుంటారు?"

కొత్తమ్మాయి రెండు చేతులూ జోడించింది. "మా తాతయ్య పళ్ళు ఉన్నాయా, లేవా? ఒక్క ముక్క చెప్పండి."

ఉందిగారు గొంతు సవరించుకుని, "రావాల్సి ఉంది" అన్నారు.

ఇంటికెళ్ళి ఆ పిల్ల తాతయ్య మంచం మీద కూలబడి ఉందిగారిని కడిగిపారేసింది. మధ్యలో చూస్తే తువ్వాలు వణుకుతోంది. ఏడుస్తున్నారేమోనని లాగి చూసింది. తాతయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నారు. నవ్వారే గానీ, మాట మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

ఇంతలో ఆఫీసరుగారి కన్ను ప్రోగ్రాం మీద పడింది.

"ఏమయ్యా, ఈ మిషను రోజూ పొద్దున్నే అంతసేపు మూలుగుతుందేం?"

"పాత ప్రశ్నలన్నీ కొత్త చీటీల్ని మళ్ళీ అడుగుతుందండి."

"దొరకనివాటి కోసం మళ్ళీ మళ్ళీ అడగడమేమిటి?"

"దొరకనివి కావండి, రావాల్సి ఉన్నవి."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా! రేపు పొద్దున్న నేనొచ్చేసరికి ఆ పాత ప్రశ్నలన్నీ చెరిపెయ్యి. వస్తువు లేకపోతే తెర మీద 'లేదు' అని రావాలి. ఒక్క మాట, అంతే!"

ఉందిగారి మొహం మాడిపోయింది. ఆఫీసరు వెళ్ళాక కుర్చీ కొత్తమ్మాయి వైపు జరిపి, "ఆ మాటేదో నువ్వే టైపు చెయ్యమ్మా. నా వేళ్ళకి రాదు" అన్నారు.

చెరిపేవాటిలో తాతయ్య పళ్ళూ ఉన్నాయి. అయినా ఆర్డరు ఆర్డరే కదా అని కొత్తమ్మాయి ప్రోగ్రాం తెరిచింది. 'లేదు' ఎక్కడ ఇరికించాలా అని చూస్తే, అక్కడ ఒక వరస రాసి ఉంది: 'ఏదీ కుదరకపోతే, నవ్వొచ్చేది చూపించు.'

"అంటే... అరటిపళ్ళు మా తాతయ్యవి కావని దీనికి తెలుసా?"

"తెలియకేం? పక్కన 'తాతయ్య' ఉంటే నోటి పళ్ళు, 'మగ్గిన' ఉంటే చెట్టు పళ్ళు. ఆమాత్రం పోల్చుకుంటుంది."

"మరి నన్నెందుకండీ అంత ఏడిపించారు?"

ఉందిగారు సిగ్గుపడ్డారు. ఎక్కడో పెట్టానన్న సిగ్గు ఇక్కడే ఉందన్నమాట. "ఏడిపించడానికి కాదమ్మా. ఇక్కడికొచ్చేవాళ్ళు ఆ మాట ఇంట్లోనే వినేసి వస్తారు. మళ్ళీ దాన్నే వినడానికి రెండు బస్సులు మారి రావాలా? పోనీ, నవ్వుకుంటూనో తిట్టుకుంటూనో వెళ్తారని."

కొత్తమ్మాయికి వణికిన తువ్వాలు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఈయన్ని పిచ్చిమాలోకం అనుకున్నందుకు తనమీద తనకే కోపమొచ్చింది. ప్రోగ్రాం మూసేసి, "నా వేళ్ళు కూడా మొరాయిస్తున్నాయండీ" అంది.

మర్నాడు ఆఫీసరుగారు వచ్చేసరికి మిషను మూలుగుతూనే ఉంది.

"ఇంకా చెరపలేదా?"

"ఆఖరుసారి సార్, అడగనివ్వండి," అని కొత్తమ్మాయి అడ్డం నిలబడింది.

మూలుగు ఆగింది. తెర మీద ఒక్క వరస వచ్చింది: 'తాతయ్య పళ్ళు: ఉంది. చీటీలో మాట: డబ్బాలో ఎవరిదో నవ్వు. మూత తీసి జడుసుకున్నాను.'

"నవ్వేమిటయ్యా? ఇదీ అరటిపళ్ళ బాపతేనా?"

"కాదండీ. కొరకడం, నమలడం, నవ్వడం అన్నిటికీ పళ్ళతో చుట్టరికం కలిపి ఉంచాను. అది లెక్క చూసుకుని చెబుతోంది."

ఆఫీసరు నమ్మలేదు. పొద్దున్నే దూరపు డిపో నుంచి వచ్చిన మూటలో తనే చెయ్యిపెట్టి డబ్బా తీసి, మూత లాగారు. లోపల్నించి రెండు వరసల పళ్ళు ఆయన్ని చూసి ఇకిలించాయి. "అమ్మో!" అని ఒక్క గెంతు గెంతారు. తర్వాత ఆయనకి నవ్వు ఆగక కుర్చీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ఆర్డరు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మూడోనాడు తాతయ్య స్వయంగా, పళ్ళతో సహా, ఆఫీసుకి వచ్చారు. ధన్యవాదాలతో మొదలుపెట్టి, బస్సుల వేళల మీదికి వెళ్ళి, సీట్ల ఎత్తు మీదికి ఎక్కి, ఆఫీసరుగారిని గోడకి ఆనించి వాయించేస్తున్నారు. ఇన్నాళ్ళ బాకీ అంతా ఒకేసారి తీరుస్తున్నట్టుంది.

ఆఫీసరుగారు ఆయన భుజం మీదుగా దీనంగా చూశారు. "ఉందిగారూ! ఈ పెద్దాయన్ని ఆపే ఉపాయం ఏమైనా ఉందా?"

ఉందిగారు జేబులు తడుముకోలేదు. ఒకసారి కొత్తమ్మాయి వైపు చూసి, నోరారా, హాయిగా, "లేదండీ" అన్నారు.