చక్కెర లాఠీలు

మా బాపు ఎడమచెయ్యి పూర్తిగా చాపలేడు. ఎవరడిగినా "సైకిల్ మీదికెల్లి పడ్డ" అంటాడు. నిజానికి బోధన్ దిక్కు ఆయన పనిచేసిన చిన్న చక్కెర మిల్లును కొన్న కంపెనీ దానికి తాళం వేసిన రోజు, గేటు ముందు కూర్చున్న కార్మికులను పోలీసులు చితకబాదారు. ఆ సంగతి నాకు చెప్పింది అవ్వ. బాపు ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. దొంగను కొట్టినట్టు తనను కొట్టారని ఆయన సిగ్గు. సిగ్గుపడాల్సింది కొట్టించినవాళ్లు కదా అని నా మంట.

ఆ మంటతోనే నిజామాబాద్‌లో జరిగే కళా ప్రదర్శన కోసం చక్కెరతో లాఠీలు పోయించాను. మా దగ్గర హోలీకి పిల్లల మెడలో చక్కెర పేర్లు వేస్తారు. చెక్క అచ్చుల్లో దారం పరిచి, వేడి పాకం పోసి చేసే తియ్యటి దండలు అవి. వాటిని పోసే ఒకాయనను బతిమాలి లాఠీ అచ్చు చెక్కించాను. "గివి పోరగాళ్ల మెడల ఎట్ల ఏస్తరక్కా?" అని నవ్వాడు. తెల్లటి లాఠీలను వరుసగా దారాలకు వేలాడదీసి, వాటి వెనక కంపెనీ పెద్దలు కూర్చునే తరహా తోలు కుర్చీని ఖాళీగా ఉంచాను. ముట్టుకోవద్దని బోర్డు పెట్టాలన్న ఆలోచనే రాలేదు. బాపు వస్తాడా, వచ్చి నలుగురిలో నా పరువు తీశావంటాడా అన్నదొక్కటే నా భయం.

వచ్చాడు. పాత దోస్తులను వెంటేసుకొని వచ్చి, తను మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వాళ్లలో ఒక కాక, బాపుతో కలిసి పాకం మరిగించినాయన, నేరుగా వెళ్లి ఒక లాఠీని కటుక్కున విరిచి అందరికీ పంచడం మొదలుపెట్టాడు.

"కాకా, అది తినేది కాదు" అని అరిచాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆయన నోట్లో ముక్కతోనే నా వైపు చూశాడు. "చక్కెర పేర్లు తినక ఏం జేస్తరు బిడ్డా?"

అప్పుడు బాపు లోపలికొచ్చాడు. కాక ఇచ్చిన ముక్క చేతిలో పట్టుకొని, వేలాడుతున్న లాఠీలను చాలాసేపు చూశాడు.

"పొట్టిగున్నయి" అన్నాడు. "నన్ను కొట్టింది గింతకన్న పొడుగుండె."

కొలత చూపించబోయాడు. ఎడమచెయ్యి సగందాకానే వెళ్లింది. కాక పక్కన నిలబడి తన చెయ్యి చాపి ఆ కొలత పూర్తి చేశాడు. "అవు, గింత" అన్నాడు బాపు. తర్వాత అందరూ కలిసి మిగతావి కూడా తినేశారు. నేనూ తిన్నాను.

ఆ కాకకు ఎంత మొక్కినా తక్కువే. ప్రదర్శన ముగిసేదాకా అక్కడ వట్టి దారాలే వేలాడాయి. మళ్లీ పోయించాలని నాకు అనిపించలేదు.

లాఠీలు తిన్న రోజు సాయంత్రం బోధన్ బస్సులో పక్క సీటు ముసలామె బాపు చెయ్యి చూసి, ఏమైందని అడిగింది. నేను కిటికీ వైపు తిరిగాను, సైకిల్ మాట వినడానికి సిద్ధపడి.

"మిల్లు బంద్ జేసిననాడు పోలీసోళ్లు కొట్టిన్రు" అన్నాడు బాపు. జేబులోంచి చక్కెర ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గా లాఠీనే ఇది. మా బిడ్డ చేసింది. తినవ్వా."